చప్పుడు కొలిచే పెట్టె

హన్నాకు,

సముద్రం అవతల ఉన్నా నిన్ను తన రెక్కల చాటున ఉంచిన దేవుని పేరట దీవెనలు. ఇక్కడ నేనూ బ్లెస్సీ క్షేమం. నీ నడుము నొప్పి తగ్గిందనీ, మీ మేడమ్ శుక్రవారం సెలవు మానకుండా ఇస్తోందనీ తలుస్తాను.

ఫోను ఎత్తడం లేదని కంగారు పడకు. నాన్న బాగానే ఉన్నాడని బ్లెస్సీ మెసేజ్ పెట్టింది కదా. మిగతాది ఆ పిల్ల రాయగలిగేది కాదు. అందుకే ఈ ఉత్తరం. మన సంఘంలోని డయానా వాళ్ళ చెల్లెలు రేపు గన్నవరంలో విమానం ఎక్కుతోంది. కువైట్‌లో దిగగానే నీ చేతికిస్తానంది.

నీ ప్రశ్నలకు జవాబులు. బ్లెస్సీ కాలేజీ మానడం లేదు. నీ కుట్టుమిషనుకు తుప్పు గీకించి నూనె వేయించాను, తిరుగుతోంది. మూడోది, ప్రార్థనలో ఇంకా శేషగిరిరావు పేరెత్తుతున్నారా అని అడిగావు. ఎత్తుతున్నాను. దేవుని ఎదుట అబద్ధమాడి నీకు నిజం రాయలేను, నీకు అబద్ధం రాసి దేవుని ఎదుటికి పోలేను.

క్షమించమంటావు. ఎవర్ని? మన ఇళ్ళ వెనక పల్లాన్ని లారీ మట్టితో నింపి మెరక చేసి, ఏటిలోకి పోయే కాలువను ఆ మట్టికిందే పూడ్చి, వాన కురిసిన రాత్రి మన వీధిని చెరువు చేసినవాణ్ణా? మా అమ్మను తలుపు చెక్క మీద పడుకోబెట్టి మందిరం డాబా మీదికి మోశాం. నీళ్ళు తీయకముందే ఆమె పోయింది. పాతిపెట్టడానికి ఆరిన నేల దొరకలేదు. ఆరిన నేలంతా అతని మెరకే.

ఇప్పుడు ఆ మెరక మీద ఇళ్ళు, ఆఫీసులు, షాపులు, సినిమా హాళ్ళు అన్నీ ఒక్కచోట కలిపి కడతాడట. ద్రాక్షతోట కోసం నాబోతును చంపించిన ఆహాబు రాజు సంగతి ప్రతి ఆదివారం చెబుతున్నాను. కుక్కలు నాకిన రక్తం దాకా చెబుతున్నాను. నువ్వుంటే అక్కడ దగ్గేదానివి.

కట్టకముందే దానివల్ల గాలికీ నీటికీ జనానికీ ఏమవుతుందో పరీక్షించి రిపోర్టు ఇవ్వాలని చట్టం ఉంది. ఆ పరీక్షకు కంపెనీని పెట్టుకునేదీ, దానికి డబ్బిచ్చేదీ అతనే. ఆ మీద ప్రజల మాట వినడానికి షామియానా వేశారు. అమ్మ సంగతి, కాలువ సంగతి చెప్పాలని బైబిలు చంకన పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

రిపోర్టులో నీళ్ళ పేజీ తీసి, అక్కడ కాలువే లేదని చదివారు. నేను లేచేలోపు చప్పుడు పేజీకి వెళ్ళారు. ఈ ప్రాంతంలో శబ్దం ఇప్పటికే పరిమితి దాటింది, కారణం ప్రార్థన మందిరం మైకు, కనుక భవనాలవల్ల కొత్తగా వచ్చే ఇబ్బంది లేదు, అని. షామియానా అంతా నవ్వింది. శేషగిరిరావు కుర్చీలోంచి కదలకుండానే, "మా టవర్లకంటే ఆయన గొంతే పెద్ద కాలుష్యమండీ," అన్నాడు. నేను నిలబడి అమ్మ పేరు చెప్పాను. నవ్వు ఇంకా ఆగలేదు. అమ్మ మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

హన్నా, ఇక్కడ నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పరీక్షకని మందిరం డాబా మీద ఒక పెట్టె పెట్టి పోయారు, దానికో చిన్న మైకు. అది మన మాటలు పట్టి ప్రభుత్వానికి పంపుతుందనుకున్నాను. దేవుడే తలుపు తెరిచాడని లౌడ్‌స్పీకర్లు రెండూ పెట్టెవైపు తిప్పించి, పొద్దున్నా సాయంత్రమూ శేషగిరిరావును పేరుపెట్టి శపించాను. పెట్టె తీయడానికి వచ్చిన సుస్మితమ్మ, ఆ కంపెనీ ఇంజనీరు, తలపట్టుకుని చెప్పింది: "బ్రదర్, ఇది మాటలు వినదండి. ఎంత చప్పుడో అంతే."

అతనికి ఆ పేజీ రాసిచ్చింది నేనే.

ఆ రోజు మనల్ని నిలబెట్టింది డయానా. "నవ్వింది చాలండీ. మైకు కట్టేయించి మళ్ళీ కొలవండి. కొలిచే చేత్తో ఆ మెరక కూడా తవ్వి చూడండి," అంది. సభ నడుపుతున్న ఆఫీసరు ఒప్పుకున్నారు. వారం పాటు పెట్టె ఉంటుంది, మనవాళ్ళు మళ్ళీ గోల చేస్తే కొలత రద్దు, తవ్వకమూ రద్దు. పాత రిపోర్టే ఖాయం.

అందుకే హన్నా, మీ ఆయన నోరు మూసుకున్నాడు. నేను ఫోనులో ఎలా మాట్లాడతానో నీకు తెలుసు. ఆదివారం ఆరాధన గుసగుసల్లో జరిగింది. యెరికో గోడల చుట్టూ తిరిగినవాళ్ళను కూడా చివరి రోజు దాకా నోరెత్తవద్దనే కదా యెహోషువ ఆజ్ఞాపించాడు.

నిన్న మెరక తవ్వుతుంటే పాత కాలువ తూము బయటపడింది. కాలువే లేదన్న చోట, మన తాతలనాటి రాతి తూము. కబురు తెలిసి శేషగిరిరావు కారేసుకుని మందిరం ముందుకొచ్చాడు. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

"ఏం బ్రదర్, గొంతు పోయిందా? శపించవయ్యా, వింటాను."

అంతటితో ఆగక, "ముసలావిడ ఎలాగూ పోయేదే. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు.

హన్నా, నాలుక కొరుక్కున్నాను. రక్తం వచ్చింది, మింగేశాను. నన్ను అరిపించలేక అతనే అరిచాడు. కారు హారను మీద చెయ్యి వేసి తీయలేదు. వీధంతా బయటికొచ్చి ఒక్క మాటా అనకుండా అతన్నే చూస్తూ నిలబడింది. పైన డాబా మీద సుస్మితమ్మ పెట్టె చూసుకుని, టైమూ కారు నంబరూ రాసుకుని, "చప్పుడుకి కారణం, ప్రాజెక్టు యజమాని," అని పైకే చదివింది.

క్షమించలేదు. ఇది క్షమాపణ అనుకుని సంతోషపడకు. నేను చేసిన ప్రసంగాలన్నిటిలో అతనికి తగిలింది ఇదే.

ఎల్లుండి సాయంత్రం పెట్టె దించుతారు. దించగానే ఫోను చేస్తాను. చెవికి కాస్త దూరంగా పెట్టుకో.

ఇట్లు,
ప్రస్తుతానికి నోరులేని నీ భర్త,
సొలొమోను