మూడో రోజు చెప్పిన సాక్ష్యం

కోసిగి,
ఫిబ్రవరి 9, సోమవారం.

నా రెజీనక్కా,

ఈ ఉత్తరం చదివే ముందు లేచి మాత్ర వేసుకో. ఫిట్సు మాత్ర. వేసుకుని వచ్చి కూర్చో, ఆ తర్వాత నన్ను తిట్టుకుంటూ చదువు.

పోయిన గురువారం నువ్వు ఫోనులో చెప్పిన మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "నీ సాక్ష్యం విన్నాక నాకూ విశ్వాసం పుట్టిందే. రెండు నెలలాయె, మాత్రలు మింగేదే లేదు" అన్నావు, అదేదో పండగ కబురు చెప్పినట్టు. బడిలో నూటయాభై మంది పిల్లలకు వండే మనిషివి. పొయ్యి మీద సాంబారు గుండిగ, దాని పక్కన నువ్వు. కళ్లు మూసినా నాకు అదే కనబడుతోంది. అప్పటి నుంచి మూడుసార్లు ఫోన్ చేసి బతిమాలాను. "నీకు తగ్గిందే, నాకు తగ్గకూడదా? నీ దేవుడు వేరే, నా దేవుడు వేరేనా?" అన్నావు. నీ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది, ఇంటిల్లిపాదీ వింటారు. నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

అక్కా, నా నడుము నొప్పి తగ్గలేదు.

నవంబరులో ఉపవాస కూడికల మూడో రోజు పాస్టరయ్యగారు తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసినప్పుడు తొమ్మిదేళ్లలో మొదటిసారి నొప్పి ఆగింది. నిజంగానే ఆగింది, ఓ గంటసేపు. ఆ సంతోషంలో లేచి మైకు అందుకుని, దేవుడు నా నొప్పి తీసేశాడని సాక్ష్యం చెప్పాను. అందరూ ఏడ్చారు, నా కోసమని అంత దూరం నుంచి వచ్చిన నువ్వూ ఏడ్చావు. మర్నాడు బిందె ఎత్తబోతే మళ్లీ పట్టేసింది. ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. ఈలోగా అయ్యగారు నన్ను చుట్టుపక్కల ఊళ్లకు తీసుకుపోయి అదే సాక్ష్యం చెప్పించారు. ఇప్పుడు నొప్పి ఉందంటే నా విశ్వాసంలోనే లోపముందంటారని భయం. ఆదివారం అందరూ చూస్తారని పళ్లు బిగించి మోకాళ్ల మీద ఉంటాను, ఇంటికొచ్చి రెండు రోజులు లేవను. నీ మరిది మిరపకాయల కోతకు గుంటూరు పోయాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఎప్పుడో పట్టుబడేదాన్ని.

డిసెంబరులో ఎవరికీ చెప్పకుండా కర్నూల్లో ఒక ఆసుపత్రికి పోయాను. స్కానింగు చూసి, ఎముకలో ఏమీ లేదని మనసు డాక్టరు దగ్గరికి పంపారు. పిచ్చిదన్న పేరు కూడా వస్తుందేమోనని ఆ గది ముందు కొంగు కప్పుకుని కూర్చున్నాను. లోపలున్న డాక్టరు జీవిత అని చిన్న వయసు అమ్మాయి. "నీ నొప్పి నిజమేనమ్మా. కాదని ఎవరూ అనల్యా" అంది. ఆ మాటకే ఏడ్చేశాను. నొప్పికి భయపడి ఒళ్లు బిగబట్టుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుందని చెప్పింది. నిదానంగా ఊపిరి వదలడం నేర్పింది. బాగున్న రోజున పనంతా ఒకేసారి మీద వేసుకోవద్దని, బాగాలేని రోజున మంచానికి అంటుకోవద్దని చెప్పింది. రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో పుస్తకంలో రాయమంది. నాకు కొంచెం తేలికపడింది కూడా. నాలుగో వారం ఆ పుస్తకం తిప్పి, "ప్రతి శనివారం తొమ్మిది రాసినావు. ఆదివారం ఏముండాది సంతోషమ్మా?" అని అడిగింది. ఆదివారం సంగతి చెబితే సాక్ష్యం సంగతీ చెప్పాల్సి వస్తుంది. జవాబు చెప్పకుండా వచ్చి బస్సెక్కాను, మళ్లీ పోలేదు.

నీకేమన్నా అయితే నేను బతకలేను అక్కా. సంఘంలో ఎవరికీ ఈ సంగతి చెప్పొద్దు, నీ కాళ్లు పట్టుకుంటాను. మాత్ర మాత్రం వేసుకో.

నీ చెల్లెలు
సంతోషమ్మ

రాజంపేట,
ఫిబ్రవరి 16.

సంతోషమ్మా, నా తల్లీ,

మాత్రలు వేసుకుంటున్నాను. ముందు ఆ భయం తీసెయ్.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండిపోయింది. చించి పొయ్యిలో వేద్దామనుకున్నాను. వేయలేకపోయాను, ఎందుకంటే నేనూ నీకు అబద్ధమే చెప్పాను. గురువారం నీతో అంత గొప్పగా మాట్లాడానా, శనివారం బడిలో గుండిగ దించుతుండగా ఫిట్సు వచ్చి పడిపోయాను. నాతో వంట చేసే రామసుబ్బమ్మ జుట్టు పట్టి వెనక్కి లాగింది కాబట్టి ముఖం మిగిలింది. ఎడమచేయి మోచేతి దాకా కాలింది. పిల్లలు ఇంకా కంచాలతో రాలేదు, దేవుని దయ. ఆదివారం నువ్వు మూడోసారి ఫోన్ చేసినప్పుడు నా చేతికి కట్టు ఉంది. "నాకేమే, బాగుండా" అన్నాను. రామసుబ్బమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. ఎందుకో తెలుసా? నాకు ఇట్లా అయిందని తెలిస్తే నీ సాక్ష్యానికి మచ్చ వస్తుందని.

నువ్వు గురువారమే నిజం చెప్పి ఉంటే నా చేయి కాలేది కాదు. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాసేశాను. ఇంక దాని గురించి ఎప్పుడూ ఎత్తను.

కడప పోయి డాక్టరుకు అంతా చెప్పాను. బాగా తిట్టి మళ్లీ మందులు మొదలుపెట్టాడు, కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు. నువ్వు కూడా ఆ జీవిత దగ్గరికి పో. అడిగినదానికి జవాబు చెప్పు. కావాలంటే నేను తోడొస్తాను.

సంఘంలో చెప్పొద్దన్నావు చూడు, అది మాత్రం నా వల్ల కాదు. అయ్యగారితో నువ్వు తిరిగిన ఊళ్లలో నీ మాట విని ఎంతమంది మాత్రలు మానేశారో! నాకైతే రామసుబ్బమ్మ ఉంది. వాళ్లకు పక్కన ఎవరున్నారో మనకు తెలియదు.

శనివారం రైలుకు కోసిగి వస్తున్నాను. ఆదివారం నీ పక్కనే కూర్చుంటాను. నువ్వు లేచి ఉన్నదున్నట్టు చెప్పు. అయ్యగారు ఏమంటారో, జనం ఎట్లా చూస్తారో, నాకూ భయంగానే ఉంది. నీకు నోరు రాకపోతే నేను లేచి కట్టు విప్పుతాను.

నీ అక్క
రెజీనా