గాలిమర కింద చందూలాల్

ఇల్లెందు దగ్గర మన తండా,
మంగళవారం.

నా బంగారు బిడ్డ శ్రావణికి,

నాలుగు నెలలుగా నీ ఫోన్ ఎత్తని మీ బాపు ఉత్తరం రాస్తున్నాడేమిటని నవ్వుకో, పరవాలేదు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పబోతే దగ్గు అడ్డమొస్తుంది. కాగితం మీద ఆ బాధ లేదు.

నువ్వు అనంతపురం వైపు గాలిమరల కంపెనీలో చేరతానన్న రోజు నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "మన కడుపు నింపింది బొగ్గు. ఆ పంకాల పనికి పోతే మల్ల ఈ గడప తొక్కకు" అన్నాను. అది ఒట్టి కోపం కాదు బిడ్డా. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగినవాణ్ణి. గాలితోనే కరెంటు వస్తుందంటే, మరి నేను అంతకాలం భూమి లోపల ఏం చేసినట్టు? ఈ దగ్గు ఎందుకు తెచ్చుకున్నట్టు? ఆ మాట అడగలేకపోయాను. కోపమైతే జల్దీ వస్తుంది, అదే వచ్చింది.

అప్పటినుంచి టీ హోటల్లో కూర్చుని కనబడ్డవాడికల్లా చెప్పాను. "గాలితోటి కరెంటు ఏందిర బై! లోపల డీజిల్ ఇంజన్ పెట్టి తిప్పుతున్నరు." పదిమందికి చెప్పేసరికి నేనే నమ్మేశాను. చివరికి మన పక్కింటి మంగీలాల్‌కు విసుగొచ్చింది. "గట్లయితే పోయి పట్టుకుందాం పా" అన్నాడు. మీ అమ్మకు ఖమ్మంలో కంటి దవాఖానాకు పోతున్నామని చెప్పి, ఖమ్మంలో రైలెక్కి, రెండు బండ్లు మారి, పోయిన గురువారం మీ గుట్ట దగ్గర దిగాం.

దిగి ఆ గాలిమరను చూశాను. మన ఊళ్లో ఏ సెల్ టవరూ దాని మోకాలికి రాదు. అయినా వదల్లేదు. స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగాను. చెవి ఆనించాను. డీజిల్ వాసన వస్తుందేమోనని తలుపు సందులో ముక్కు పెట్టాను. అప్పుడే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఏం వాసన చూస్తాండావు?"

నేను ముక్కు తుడుచుకున్నాను. మంగీలాల్ తటాలున, "మా మేక తప్పిపోయిందన్నా" అన్నాడు.

"యా ఊరప్పా మీది?"

"ఖమ్మం."

ఆ వాచ్‌మన్ మమ్మల్ని చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోను.

స్తంభం పక్క చేలో గంగక్క అనే ఆమె కలుపు తీస్తోంది. వానమబ్బుల్ని ఇవి తరిమేస్తాయట కదా అని అడిగాను. "మేమూ అట్లే అనుకుంటిమి. వాన రాని ఏడు రాలేదు, వచ్చిన ఏడు వచ్చింది, దీనికేం సంబంధమప్పా?" అంది. స్తంభం జాగాకు ఏటా బాడుగ ఇస్తున్నారట. దాని మొదలు దాకా శనక్కాయ వేసుకుంటోంది. పెద్దకొడుక్కి అక్కడే పని దొరికిందట. "పొగ లేదు, బూడిద లేదు, నీళ్లు అడగదు" అంది. మన దండెం మీద మీ అమ్మ ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి ఏ రంగుకు తిరిగేవో గుర్తొచ్చింది.

వాచ్‌మన్‌ను ఆఖరి ప్రశ్న అడిగాను. "మరి గాలి పడిపోతే?"

"పడిపోతే నిలబడిపోతాది."

"ఆ దినం మా బొగ్గే గదా దిక్కు!" అని తొడ చరిచాను. మంగీలాల్ నన్ను పక్కకు లాగాడు.

అప్పుడు తలెత్తి చూశాను. ఆ పైన, రెక్కల వెనకాల డబ్బా మీద, ఎర్ర టోపీ పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. ఎవరని అడిగితే "మీ ఖమ్మం పిల్లే" అన్నాడు వాచ్‌మన్. బాయిలో పైకప్పు కూలిన రోజు కూడా నేను అంత భయపడలేదు. తువ్వాలు తీసి ఊపాను. నువ్వూ చెయ్యి ఊపావు. నేను ఊపుతూనే ఉన్నాను, నువ్వూ ఊపుతూనే ఉన్నావు. ఏడ్చాను బిడ్డా. గడప తొక్కవద్దన్న మనిషిని, ఏ ముఖంతో నీ ఎదుట పడను? నువ్వు దిగేలోపే వచ్చేశాను.

ఆ గడప మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎప్పుడైనా రా. టీ హోటల్లో కూడా అందరికీ చెప్పేశాను, ఇంజన్ లేదని.

నీ మొండి బాపు,
చందూలాల్

*

గాలిమరల గుట్ట,
బుధవారం.

ప్రేమగల బాపుకు,

నువ్వు తువ్వాలు ఊపింది నాకు కాదు. ఆ పైన ఉన్నది నాతో పనిచేసే బోనకల్ రోజారాణి, ఆమెదీ మన ఖమ్మం వైపే. "ఎవరో పెద్దాయన అరగంట ఊపిండే, ఆపితే బాధపడతడని నేనూ ఊపిన, చెయ్యి గుంజుతుంది" అని నాతో చెప్పింది.

ఆ గురువారం నేను మన ఇంట్లో ఉన్నాను. "మీ బాపు కండ్ల దవాఖానాకు పోయిండు" అంది అమ్మ. ఒక కంటికి రెండు రోజులేమిటని ఇద్దరం కంగారుపడ్డాం. శుక్రవారం రాత్రి బండికి తిరిగొచ్చాను. నేను వచ్చినట్టు నీతో చెప్పవద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అప్పటిదాకా నేను ఒక్కసారీ పైదాకా ఎక్కలేదు బాపూ. రెండుసార్లు లోపలి నిచ్చెన సగం దాకా వెళ్లి బిగుసుకుపోయాను. తాడు కట్టి దింపారు. కిందే కూర్చుని నట్లు, బోల్టులు, పానాలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి సంచిలో పెట్టుకుని, "నువ్వే గెలిచినవ్ బాపు" అని చెప్పడానికి వచ్చాను. చెబుదామంటే నువ్వు లేవు. నువ్వు ఇక్కడ నేననుకుని ఇంకెవరినో చూసి ఏడుస్తున్నావు!

నీ ఉత్తరం సోమవారం అందింది. బాయిలో ఏం చేసినట్టు అని అడిగావు. నేను డిప్లొమా దాకా చదివిన ప్రతి బల్బూ నీ బొగ్గుతోనే వెలిగింది. ఇంకేం చేయాలి?

మొదటిసారి ఆ ఇనుప పంజరం లిఫ్టులో బాయిలోకి దిగిన రోజు నీకూ భయమేసిందా? అప్పుడు ఏం చేశావో రాయి. నువ్వు రాసేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. నిన్న ఎక్కాను. మూడుచోట్ల ఆగాను, ఒకచోట రోజారాణిని తిట్టాను, అయినా చివరిదాకా ఎక్కాను. పైన గాలికి చెవులు గింగురుమన్నాయి. దిగాక ఎంత ఆకలేసిందంటే, నా డబ్బా తిని, రోజారాణి డబ్బా కూడా తినేశాను.

నీ బిడ్డ,
శ్రావణి