మునిరత్నం గీసిన గళ్లు

తిరుపతి, గురువారం

సాయంత్రం ఆరున్నరకు పత్రిక డెస్క్ నా వ్యాసంలోంచి మునిరత్నం పేరు కొట్టేసింది.

ఓ జపాన్ కార్టూన్ సీరియల్‌లోని నగరం ఓ పాత ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సినిమాలోంచి ఎత్తిందేనని కనిపెట్టింది నేను కాదు, సినిమా బ్యానర్లు వేసే మునిరత్నం. బ్యానర్‌కు బొమ్మ పెద్దది చేసేటప్పుడు గీసినట్టే ఆ రెండు నగరాల ఫొటోల మీదా గళ్లు గీసి చూపించాడు. "సూడు సార్, గడిగడికీ అదే దీపం, అదే వాన."

డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్లో నవ్వాడు. "పది తప్పినోడి మాట ఎట్లేస్తామప్పా? నువ్వే కనిపెట్టినట్టు పోనీ."

సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఫ్లెక్సీలొచ్చాక మునిరత్నానికి పని లేదు. పేపర్లో పేరు చూపిస్తే డ్రాయింగ్ మాస్టరుగా తీసుకుంటామని యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మాటిచ్చారు. కొట్టేసిన సంగతి అతనికింకా చెప్పలేదు.

వ్యాసం రేపు వస్తుంది. పొద్దున పదింటికే ఇన్‌స్టిట్యూట్‌లో అతని ఇంటర్వ్యూ.