నూట ముప్పై ఏడు మీటర్లు

జూన్ 10, సోమవారం

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కొత్త నెట్‌వర్క్ స్విచ్ వచ్చింది. మా గొర్రెల సంఘం ఆఫీసులో ఇంతవరకు ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఎలుకలు కొరికిన ఒక కేబుల్. ఇప్పుడు కొత్తవి చేరి ఐదయ్యాయి, అన్నీ కలపాలి. ఐదోది లాప్‌టాప్, వీధి చివర టీకాల షెడ్డులో. శనివారమే క్యాంపు. మేనేజర్ మురళీధర్ సార్ మార్కాపురం నుంచి మెకానిక్‌ని పిలుద్దామన్నారు. నేను చేస్తానన్నాను. ఆపరేటర్‌కు ఇవన్నీ ఎందుకన్నట్టు చూశారు. చివరికి గురువారం దాకా టైమిచ్చారు.

జూన్ 11

ఆఫీసులో నాలుగూ కలిశాయి. ఇక పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగే పని లేదు.

జూన్ 12

షెడ్డు దాకా గోడల వెంబడి కేబుల్ లాగాను. నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కి దిగానో. లింక్ లైటు వెలగలేదు. కనెక్టర్లు కోసి మళ్లీ బిగించాను, మూడుసార్లు. టెస్టర్‌లో అంతా బాగానే ఉంది. సార్ మెకానిక్ నంబరు రాసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. తిట్టినా ఇంత ఉక్రోషం వచ్చేది కాదు.

జూన్ 13, ఉదయం 6

టేపు పెట్టి కొలిచాను. నూట ముప్పై ఏడు మీటర్లు. ఈ కేబుల్ వంద దాటితే సిగ్నల్ నిలవదు. డిప్లొమాలో చదివిందే. కొలవకుండా లాగాను, తప్పు నాదే. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపడానికి మధ్యలో ఇంకో చిన్న స్విచ్ పెట్టాలి. దానికి కరెంటు కావాలి. మధ్యలో ఉన్నది రోశమ్మవ్వ ఇల్లు.

అదే రోజు, సాయంత్రం

అవ్వను అడగాలంటే భయమేసింది. పోయినేడు క్యాంపులో ఆమె పేరున్న కాగితం షెడ్డుకు చేరనే లేదు. టీకా పడక పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. అప్పటినుంచి ఆమె మా ఆఫీసు గడప తొక్కలేదు. పేర్లు ఇక కాగితం మీద కాదు, ఈ తీగలో పోతాయని చెప్పాను. వంగి తీగను పట్టుకుని చూసింది.

"నా పేరు గూడా పోతాదా?"

"పోతాది అవ్వా. నేనే చూసుకుంటా."

"అట్లయితే పెట్టుకో జాహ్నవమ్మా. మంచం జరుపుతా."

చిన్న స్విచ్‌తో పాటు పాత యూపీఎస్ కూడా అక్కడే పెట్టాను. నాలుగుంబావుకు షెడ్డులో ఆకుపచ్చ లైటు వెలిగింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను.

జూన్ 15

పన్నెండు వందల గొర్రెలు. షెడ్డులో చెవి ట్యాగు నంబరు కొడితే చాలు, యజమాని పేరు వచ్చేస్తోంది. టీకా వేయగానే ఆఫీసులో ఎక్కిపోతోంది. పదింటికి కరెంటు పోయింది. అందరూ నా వైపు చూశారు. ఆఫీసులో ఇన్వర్టర్, అవ్వ ఇంట్లో యూపీఎస్. ఒక్క పేరూ ఆగలేదు.

రోశమ్మవ్వ ముప్పై నాలుగింటిని తోలుకొచ్చింది. స్క్రీన్ మీద తన పేరు చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. తర్వాత వెనక వరసలో ఉన్న కాటమరాజు మామ వైపు తిరిగింది.

"ఇదంతా మా ఇంటి మీదుగా వచ్చేదే."

జూన్ 18

వెలిగండ్ల సంఘంలో పదకొండు కంప్యూటర్లట. సార్ వాళ్లతో ఫోన్‌లో అంటుంటే విన్నాను: "మా ఇంజనీరమ్మను పంపిస్తా."

రేపు ఏడింటి బస్సు.