పీత గిల్లితే ఊరుకున్న వీరుడు

ఒమారు,
మార్చి 16.

విరెముకు,

ఇక్కడ అంతా క్షేమం. అంటే నా మోకాళ్లు, పళ్లు, ప్రభుత్వం ఎప్పటిలాగే ఉన్నాయి. విషయానికి వస్తాను.

నిన్న మధ్యాహ్నం మన వీడియో ఆటలో నా కత్తివీరుణ్ణి ఒక పీత గిల్లింది. వాడు ఊరుకున్నాడు.

ఈ మాట మళ్లీ చదువు. రెండేళ్లపాటు, గెలిచిన ప్రతి పాయింటూ పోసి, వాడికి 'ప్రతీకారం' అనే గుణాన్ని ఐదో మెట్టు దాకా పెంచాను. బటన్ నొక్కక్కర్లేదు, తెర వైపు చూడక్కర్లేదు. ఎవడు ముట్టుకున్నా వాడి చెయ్యి దానంతట అదే లేస్తుంది. మనిషికి ఉండవలసిన గుణాలన్నీ అలాంటివే, ఆలోచన కంటే ముందే పనిచేస్తాయి. మా పత్రిక ఎడిటర్ లాక్లన్ డఫ్ నన్ను ఇంటికి పంపి, ముప్ఫై నాలుగేళ్లు నేను కూర్చున్న కుర్చీలో తప్పులు పట్టే యంత్రాన్ని కూర్చోబెట్టిన రోజున నాకా గుణం ఐదో మెట్టులో ఉండి ఉంటే ఆయన ముక్కు ఇప్పుడున్న చోట ఉండేది కాదు.

గుణాల పట్టిక తెరిచి చూశాను. 'ప్రతీకారం' సున్నా. దాని స్థానంలో 'ఓర్పు', ఐదు మెట్లు. రోమనుల చరిత్ర మొత్తం చదివినవాణ్ణి, ఓర్చుకుని బాగుపడిన రాజ్యం ఒక్కటీ నాకు తగల్లేదు.

పాయింట్ల కుండ మన ముగ్గురికీ ఉమ్మడి: నీకూ, నాకూ, మీ అక్కకూ. ఒక గుణాన్ని చెరిపితే దాని పాయింట్లు మళ్లీ కుండలో పడతాయి, ఎవరైనా తీసి ఎక్కడైనా పెట్టవచ్చు. అందుకే కదా, ముందు ఉత్తరం రాసి ఒప్పించుకోకుండా ఎవరూ కుండలో చెయ్యి పెట్టకూడదని నియమం చేసుకున్నాం. మీ అక్క ఇల్లు విడిచి, అకరోవాలో స్నేహితురాలి కుండల కొట్టు మీది గదికి చేరి ఏడు నెలలైంది. ఆవిడ వైద్యురాలి పాత్ర మన వెనకాల కీలుబొమ్మలా నడుస్తోందంతే. నేను తీయలేదు. కాబట్టి తీసింది నువ్వు.

ఉప్పుపాము చేతిలో ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయాం. మూడోసారి ఓడితే ఆట మన ముగ్గురు పాత్రల్నీ చెరిపేస్తుంది, ఇక తిరిగి రావు. నీ విలుకాడు పోతే నీకు ఇంకో విలుకాడు. నాకు మాత్రం మూడేళ్ల శ్రమ పోతుంది. ఆ వైద్యురాలూ పోతుంది. శ్రమ సంగతే చెబుతున్నాను.

ఇట్లు,
డెస్మండ్ పాస్కో

తా.క. రాయను. చెప్పవలసింది ముందే ఆలోచించుకోలేనివాళ్ల అలవాటది. ఇతరులు రాసినా చదవను.


బ్లఫ్,
మార్చి 24.

కియోరా బావా!

నీ ఉత్తరం రేవులో ఆల్చిప్పలు పట్టే పడవ మీద గట్టిగా చదివాను. పీత దగ్గరికి వచ్చేసరికి పడవవాళ్లు పని ఆపేశారు. ఒకాయన కళ్లు తుడుచుకుంటూ "పీత పనే గిల్లటం, ఈయన పనేంటి?" అన్నాడు.

నేను తియ్యలేదు బావా. మా అమ్మ మీద ఒట్టు. ఆ పట్టికలో అక్షరాలు చీమల్లా ఉంటాయి, నాకు కనబడి చావవు. పాయింటు వచ్చిందంటే 'ఆటే చూసుకుంటుంది' అనే బటన్ ఉంది కదా, అది నొక్కి టీ పెట్టుకోవడానికి వెళ్తాను. నా విలుకాడికి ఈతలో తొమ్మిది మెట్లున్నాయని మొన్ననే తెలిసింది. విల్లులో రెండు. వాడు నాకంటే ఎక్కువ నాలాగున్నాడు.

ఒకటి చెప్తా, కోప్పడకు. కోప్పడతావు, సరే. అక్క వైద్యురాలికి 'పది అడుగుల చల్లదనం' ఉందా లేదా? ఆవిడ పక్కన ఊరికే నిలబడితే చాలు, గాయాలు మానతాయి. నీ వీరుడేమో ఎప్పుడు చూడు ఆమడ దూరంలో ఎవడితోనో కత్తి దూసి ఉంటాడు. మనం రెండుసార్లు ఓడింది పాము చేతిలో కాదు, నీ దూరం చేతిలో. అక్క వెళ్తూ రాసిపెట్టిన చీటీని ఎర్ర పెన్సిలుతో దిద్ది, మార్కులేసి, పోస్టులో తిరిగి పంపినవాడివి. నీతో ఓర్పు గురించి ఏం మాట్లాడను?

ప్రేమతో,
నీ బావమరిది విరెము

తా.క. ఈ ఏడు వెళ్లలేనన్నాను కదా, మోకాలు నయమైంది. ఏప్రిల్ ఒకటిన మావాళ్లతో టీటీ పిట్టల దీవికి, పిట్టలు పట్టడానికి పోతున్నా. నెలన్నర. అక్కడ కరెంటు లేదు, ఫోను లేదు, నీ ఉత్తరాలు రావు. ఆ దీవి మాకే ఉంచాలని మా తాతలు సర్కారుతో అంత పట్టుబట్టారంటే ఊరికే కాదు.


ఒమారు,
ఏప్రిల్ 6.

విరెముకు,

నీ ఉత్తరం నీ సంతకం దాకా చదివాను. పదకొండు తప్పులు. 'ఆటే చూసుకుంటుంది' అనే బటన్ నొక్కుతున్నానని స్వహస్తాలతో రాసి ఇచ్చావు. నేరస్థుడు ఇంత సులువుగా దొరకడం డిటెక్టివ్ నవలల్లో కూడా చూడలేదు, అవి నాసిరకానివైనా.

ఏప్రిల్ మూడున నా వీరుడికి 'మందపాటి చర్మం' మూడు మెట్లు పోయింది. దాని బదులు 'చెవి ఒగ్గడం' చేరింది. వెనకనుంచి సహచరులు వేసే కేక వినబడుతుందట. ఆ గుణం వివరణలో కామా ఒకటి తప్పు, అది వేరే సంగతి. నాకెవరి కేక వినబడాలి? మిగిలిన సహచరుడివి నువ్వొక్కడివే. నీ కేక బ్లఫ్ నుంచి గుణాలేవీ లేకుండానే వినబడుతుంది.

వెంటనే ఆ బటన్ మానెయ్యి.

ఇట్లు,
డెస్మండ్ పాస్కో


ఒమారు,
ఏప్రిల్ 15.

విరెముకు,

తొమ్మిది రోజులు. జవాబు లేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. నీ విషయంలో పూర్తి అంగీకారంగానే తీసుకుంటున్నాను.

నిన్న 'మొండిపట్టు' పోయింది. నా వీరుడు మూడు సముద్రసింహాలను చూసి వెనకడుగు వేశాడు. రచయితల సమావేశంలో నలభైమంది లేచి వెళ్లిపోతున్నా నా ప్రసంగం చివరి పేజీ దాకా చదివినవాణ్ణి నేను. నా వీరుడు వెనకడుగు!

ఇక ఉపాయం లేక ఆట పాస్‌వర్డ్ మార్చేశాను. నా గ్రంథం పేరు పెట్టాను, సంపుటం అంకెతో సహా. పదకొండుమంది ప్రచురణకర్తలు తిప్పికొట్టిన ఆ రెండు సంపుటాల పేరు నేను తప్ప బతికున్నవాళ్లెవరూ గుర్తుంచుకోలేదు. నన్ను ఇన్నాళ్లూ బాధించిన నిర్లక్ష్యం చివరికి ఇలా పనికొచ్చింది.

ఇట్లు,
డెస్మండ్ పాస్కో


ఒమారు,
ఏప్రిల్ 25.

విరెమూ,

తాళం వేశాక కూడా వచ్చావు! నిన్న నా వీరుడికి 'తోడు నడక' అనే గుణం మొలిచింది. వదిలేస్తే చాలు, నడుచుకుంటూ పోయి ఆ వైద్యురాలి పక్కన నిలబడుతున్నాడు. నేను ఇవతలికి లాగుతున్నాను, వాడు మళ్లీ పోతున్నాడు. బొటనవేలు వాచింది. ఒకసారి లాగడం మరిచిపోయాను. కాసేపు అలాగే నిలబడ్డారు ఇద్దరూ. వెనక సముద్రం. నేను టీ తాగాను. అది వేరు.

అసలు ప్రశ్న వేరే. ఆ పాస్‌వర్డ్ నీకెలా తెలిసింది? అంటే నా గ్రంథం నీకెక్కడో దొరికింది. చదివావు. దొంగతనం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఎంతవరకు చదివావు? నిజం చెప్పు, రెండో సంపుటం ఎలా ఉంది?

ఇట్లు,
డెస్మండ్


బ్లఫ్,
మే 17.

తా.క.: నువ్వు తా.క. చదవవు గనక ఈసారి దీన్ని నెత్తిన పెట్టి రాస్తున్నా. నేను ఏప్రిల్ ఒకటి నుంచి మొన్నటిదాకా టీటీ పిట్టల దీవిలో ఉన్నాను!! క్రితం ఉత్తరం అడుగున రాశాను!! ఎర్ర పెన్సిలు కింద పెట్టి పోయి చదువు.

కియోరా బావా,

తలుపు తీసేసరికి చాప మీద నీ ఉత్తరాలు మూడు. వరసగా చదివితే నాలుగో దానికి పోలీసులు వస్తారనిపించింది. నెలన్నర నేను గుడిసెలో పిట్టల ఈకలు పీకుతూ, వాటిని ఉప్పులో వేస్తూ ఉన్నాను. మా పిన్ని, ఆవిడ మనవరాళ్లు, ఇంకో పాతికమంది సాక్ష్యం. అక్కడి నుంచి నీ గుణాలు మార్చాలంటే పిట్టకి కట్టి పంపాలి.

ఇంటికొచ్చి ఆట తెరిస్తే నన్ను లోపలికి రానివ్వదు. నీ పుస్తకం పేరు నాకెలా తెలుస్తుంది? నువ్వు నాకు చదివి వినిపించబోయిన రోజున నేను పడవ కిందికి దూరి ఇంజను బాగుచేశాను. ఇంజనుకి ఏమీ కాలేదు బావా, ఇప్పుడు చెప్తున్నా.

నువ్వు కాదు. నేను కాదు. కుండ ముగ్గురిది. లెక్క కూడా నేనే చేసిపెట్టాలా? ఇన్ని పుస్తకాలు చదివావు.

నీ ఉత్తరాలు మూడూ, ఆ పీత ఉత్తరంతో కలిపి, కట్టకట్టి అక్కకి పంపాను. తిట్టుకో.

ప్రేమతో,
విరెము

అసలు తా.క. ఒక బకెట్టు ఉప్పుపిట్టలు పంపుతున్నా. నీళ్లు మూడుసార్లు మార్చి ఉడకబెట్టు. కంపు బయటికి పోకుండా కిటికీలు తెరవకు, పక్కింటివాళ్లు ఇప్పటికే నిన్ను ఎలాగో భరిస్తున్నారు.


అకరోవా,
మే 25.

డెస్మండ్,

కుండలో చెయ్యి పెట్టింది నేనే.

ముగ్గురి కుండ అని రాశావు, ఇద్దరినే లెక్కపెట్టావు. నేను ఇల్లు విడిచాను. ఆట విడిచానని ఎవరితో అన్నాను? రోజూ పొద్దున్న పదింటికి, మట్టి కుండలు ఎండలో పెట్టాక, అవి ఆరేలోగా ఓ అరగంట ఆడతాను. నువ్వు మధ్యాహ్నం తర్వాతగానీ తెర ముట్టవు. నా వైద్యురాలు రోజూ కొత్త కొత్త చోట్ల నిలబడి ఉంటే, అన్ని తప్పులు పట్టే మనిషివి, ఒక్కసారీ అనుమానించలేదు.

పాస్‌వర్డ్ అన్నావు. తాళం మారిందనగానే నేను మొదట కొట్టి చూసింది ఆ పేరే. ఆ రెండు సంపుటాలూ మూడుసార్లు టైపు చేసింది ఎవరు? బతికున్నవాళ్లెవరికీ గుర్తులేదని రాశావు. నేను బతికే ఉన్నాను. రెండో సంపుటం ఎలా ఉందని విరెముని అడిగావు. నన్నెప్పుడూ అడగలేదు, అయినా చెబుతాను. ఏడో అధ్యాయం చాలా బాగుంది. మిగిలినదంతా లాక్లన్ డఫ్.

ఎందుకు మార్చానో విను. మూడేళ్లు నీ వీరుడు తనను గిల్లిన ప్రతి పీత వెంటా పరిగెత్తాడు. వాడి వెంట నా వైద్యురాలు. ఆవిడ సంచిలో మందులన్నీ వాడి పీతలకే అయిపోయేవి. పాము దగ్గరికి చేరేసరికి ఖాళీ సంచి. రెండుసార్లూ ముందు చచ్చిపోయింది ఆవిడే, నువ్వు గమనించావో లేదో. అప్పుడు నువ్వు ఆట ఆపి, "గెలిచేవాళ్లమే, నువ్వు వెనకబడ్డావు" అన్నావు. నేను ఏమీ అనలేదు. నాకూ అప్పుడు ఓర్పు ఐదో మెట్టు. దాన్ని చెరుపుకోవడానికే అకరోవా వచ్చాను. నా దగ్గర మిగిలిపోయింది కదా, పోనీ నీకిద్దామనిపించింది.

ఈ నెల ఇరవై రెండున, మీరిద్దరూ ఉత్తరాలు నడుపుతుండగా, నేను ముగ్గురినీ వెంటబెట్టుకుని పాము గుహకు వెళ్లాను. నియమం ప్రకారం ముందు ఉత్తరం రాయాలి, రాయలేదు. ముగ్గురినీ ఒక్కదాన్నే నడపడం నాకు కొత్తేమీ కాదు.

పదకొండు నిమిషాలు పట్టింది. పాము చచ్చింది.

పాము నీ వీరుణ్ణి ఇరవై సార్లు కొట్టింది. ఊరుకున్నాడు. నా పక్క నుంచి కదల్లేదు. నేను వేసిన కేక విన్నాడు, తల వంచాడు, తోక వాడి మీంచి పోయింది. అప్పుడు ఒకే ఒక్క దెబ్బ వేశాడు. నిజం చెప్పాలంటే, చూడముచ్చటగా ఉన్నాడు. విరెము విలుకాడు మొదటి నిమిషంలోనే నీళ్లలోకి దూకి, చివరిదాకా ఈదుతూనే ఉన్నాడు.

గెలిచాక ఆట అడిగింది: కొత్త ప్రయాణం మొదలుపెడతారా, ఎవరెవరు ఏ వేషం వేస్తారు అని. మీ తరఫున నేనే చెప్పేశాను. విరెము పడవ నడుపుతాడు. కత్తి నేను పట్టుకున్నాను. బరువుగా ఉంది, బాగుంది. వైద్యుడివి నువ్వు.

నీకు పాత గుణాలేవీ లేవు. ఒక్కటే ఇచ్చాను, మొదటి మెట్టు: పది అడుగుల చల్లదనం. దానికి బటన్ లేదు. తెలివి అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. పక్కకు వచ్చి నిలబడితే చాలు, అదే పనిచేస్తుంది. దూరంగా ఉంటే పనిచెయ్యదు, నీ వాదన ఎంత సరైనదైనా.

ఆదివారం పొద్దున్న పదింటికి కొత్త దీవి రేవులో ఉంటాను. నిన్న పొద్దున్న నన్నో పీత గిల్లింది, నేను దాన్ని రెండు ముక్కలు చేశాను. హాయిగా ఉంది డెస్మండ్, నువ్వు అన్నేళ్లు ఎందుకు మానలేదో ఇప్పుడు అర్థమైంది. కానీ చెయ్యి నొప్పిగా ఉంది.

రా. వచ్చి నిలబడు. ఏమీ అనకు.

నైరీ