ఆరు ప్రశ్నలు

ప్రియమైన శ్రీవారికి,

ఈ కాలేజీలో నర్సుగా చేరి మూడు నెలలైంది. ఈ వారం మండినంతగా నా ఒళ్లు ఎప్పుడూ మండలేదు. పిల్లల్లో ఎవరైనా మందుకో, మత్తుకో అలవాటు పడుతున్నారేమో ముందే కనిపెట్టడానికి ఆరు ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కొక్కరినీ నా గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి అడగాలి. ప్రిన్సిపాల్ గారేమో అందరినీ హాల్లో కూర్చోబెట్టి, పైన పేరు రాయమని, చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య తిరిగారు. రెండువందల పన్నెండు మంది. ఆరింటికీ అందరూ 'లేదు'.

"చూశారా సిస్టర్, మన పిల్లలు ముత్యాలు!" అన్నారాయన.

ఆ ముత్యాల్లో ఒకడు నిన్న ల్యాబ్ మెట్ల మీద వాంతి చేసుకున్నాడు. దగ్గరికెళ్తే గుప్పుమని మందు వాసన. "ఎండదెబ్బ అని రాయండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను రాయలేదు.

మన పిచ్చుక ఎలా ఉంది? నా ఉత్తరానికి రెండే ముక్కలు జవాబిచ్చింది. పరీక్షల హడావిడా?

మీ
అర్ధాంగి

ప్రియమైన నర్సమ్మకి,

మీ ప్రిన్సిపాల్ సంగతి సరే, నీ కూతురి సంగతి విను. నాకు విసుగొచ్చేసింది. పదహారేళ్లు నిండాయో లేదో, తండ్రంటే లెక్కలేదు. ఈతకొలను నుంచి కారులో తీసుకొస్తానంటే వద్దంటుంది. మూడు కిలోమీటర్లు ఎండలో నడిచొస్తుంది. మొన్న ఆదివారం మా ఆఫీసు సెక్షన్ వాళ్ల భోజనానికి తీసుకెళ్తే, తిరిగొచ్చేటప్పుడు కారెక్కనని రోడ్డు మీద నిలబడి అందరి ముందూ నా పరువు తీసింది. "ఎందుకే?" అంటే నోరు విప్పదు. ఇంటికొస్తే గది తలుపు గడియ. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. నీ ఉత్తరం చదివాక గుండె గుభేలుమంది. ఏ పాడు స్నేహాలు పట్టిందో! ఆ ఆరు ప్రశ్నలూ పంపు. అడిగి తేల్చేస్తాను.

నీ
విసిగిపోయిన మొగుడు

ప్రియమైన మీకు,

ప్రశ్నలు ఇందులోనే పెట్టాను. 'తేల్చేస్తాను' అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఇక మీకూ మా ప్రిన్సిపాల్ గారికీ తేడా ఏముంది? వారమంతా ఆయనతో గొడవపడి, పిల్లల్ని మళ్లీ నా గదిలో అడిగే అనుమతి సంపాదించాను. తలుపు వేసి, "నీ ప్రాణం మీదకొస్తే తప్ప, ఇది ఈ గది దాటదు" అని అడిగితే, మొదటి నలభై మందిలో తొమ్మిది మంది 'అవును' అన్నారు. ఆయనకిప్పుడు ఆ తొమ్మిది పేర్లూ కావాలట, ఇళ్లకి కబురు పెడతారట. ఇవ్వనన్నాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

మీరు నాకు మాటివ్వండి. పిచ్చుక ఏం చెప్పినా అరవకూడదు. వరసగా, ఒకటో ప్రశ్న నుంచి అడగండి. వెంటనే రాయండి. నాకు అన్నం సయించడం లేదు.

మీ
నేను

ప్రియమైన నీకు,

మూడు వారాలుగా నీ ఉత్తరాలకి పలకలేదు. కారణం రాస్తున్నాను.

నీ ప్రశ్నలు అందాక, ఆ శనివారం పొద్దున పిచ్చుకని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకటో ప్రశ్న అడిగాను. "తాగి ఉన్నవాళ్లు నడిపే బండి ఎప్పుడైనా ఎక్కావా?"

"ఎక్కాను."

పళ్లు బిగబట్టాను. "ఎవరి బండి?"

అది నా ముఖంలోకి చూసింది. "నీదే నాన్నా."

అరవొద్దన్న నీ మాట మర్చిపోయాను. "రెండు గుక్కలకే తాగుబోతునా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అది కదల్లేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "అమ్మ వెళ్లాక ఏడుసార్లు. ఒకసారి రెడ్ లైట్ దాటేశావు. ఇంకోసారి సైకిల్ మీద ముసలాయన పక్కకి దూకేశాడు. గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. అదే నన్ను చంపేసింది.

మిగతా ఐదింటికీ 'లేదు' అంది. నమ్ముతున్నాను. "అమ్మకెందుకు రాయలేదే?" అంటే, "రాస్తే అమ్మ అన్నీ వదిలేసి వచ్చేస్తుంది. అక్కడి పిల్లల్ని ఎవరు అడుగుతారు?" అంది. నువ్వు ఆ తొమ్మిది పేర్లూ ఎవరికీ ఇవ్వకు.

ఆ తర్వాత రెండు వారాలు దానితో మాట్లాడలేదు. సిగ్గుతో అని రాయాలనుంది గానీ, కోపంతోనే. నిన్న ఆసుపత్రికి వెళ్లాను. తోడొస్తానని అదీ వచ్చి వరండాలో కూర్చుంది. లోపల నర్సమ్మ కాగితం తీసి, "వారానికి ఎన్నిసార్లు తాగుతారు?" అంది. "ఎప్పుడైనా ఒకసారి" అన్నాను. రాసుకుంది. తలుపు సందులోంచి పిచ్చుక కనిపిస్తోంది, ఒళ్లో చేతులు పెట్టుకుని, నా వైపే చూస్తూ.

"అమ్మా, అది కొట్టేయండి. రోజూ అని రాయండి" అన్నాను.

ఆమె కొట్టేసి, రాసి, రెండో ప్రశ్న అడిగింది.

నీ
ఆయన