వేరు కంచం మొక్కు

లింగాల.
అచ్చంపేట దవాఖాన నర్సమ్మ, మా అక్క బిడ్డ హెప్సిబాకు మద్దిలేటి మామ దీవెనలు.
ఫోన్ చేస్తలేనని తిట్టకు. నాకు చెవుడు, స్పీకర్ పెడితే వాడకట్టంత వింటది. రక్తదానం క్యాంపుల నా నెత్తురు చూసి హెపటైటిస్ బి అన్నరు. మీ అత్త జమ్ములమ్మకు చెప్పలె. చెప్తే ఎక్కడ తిరిగొచ్చినవంటది. ఆమెకు అంటొద్దని కంచం, చెంబు వేరు పెట్టుకున్న.
మీ మామ.
తా.క.: కంచం ఎందుకు వేరంటే మొక్కు అన్న. ఏ దేవునికని అడిగింది. జర ఆలోచిస్తున్న.

అచ్చంపేట.
మామకు నమస్కారాలు.
కలిసి తింటే అది అంటుకోదు. నెత్తురుతో, కాపురంతో అంటుకుంటుంది. ఎప్పుడో పాత సూదితో వచ్చి ఉండొచ్చు, తప్పు నీదని ఎవరన్నారు? నువ్వు లివర్ పరీక్షకు రా. అత్తను పరీక్షకు తీసుకురా. జబ్బు లేకపోతే టీకా మూడు డోసులు: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆర్నెల్ల తర్వాత ఒకటి.
హెప్సిబా.
తా.క.: నీ గడ్డం బ్లేడు ఎవరికీ ఇవ్వకు.

లింగాల.
కోడలా, దీవెనలు.
కాపురమంటివి గదా, మంచం అరుగు మీద ఏసుకున్న. నీ కవరు నా జేబుల చూసి, గీ ఆడోళ్ల రాత ఎవరిదన్నది మీ అత్త. బ్యాంకోళ్లదన్న. బ్యాంకోళ్లు గంత ముద్దుగ రాస్తరా అని సోమశిలకు, పుట్టింటికి పోతనంటుంది. చెప్తే భయంతోని సస్తది, చెప్పకపోతే పోతది. పరేషాన్ అయితుంది బిడ్డా.
మద్దిలేటి.
తా.క.: బ్లేడుకు ఫికర్ లేదు. నేను, తమ్ముడు యేసుబాబే గీసుకుంటం. పరాయోళ్లకు ఇయ్యలె.

అచ్చంపేట.
మామా, నమస్కారం.
యేసుబాబును రేపు మొదటి బస్సుకే పరీక్షకు పంపు. ఇంక నాకు రాయకు, అత్తతో మాట్లాడు. లేకపోతే ఆదివారం వచ్చి నేనే చెప్తా.
హెప్సిబా.
తా.క.: తమ్ముడైనా పరాయివాడైనా జబ్బు ఒక్కలాగే అంటుతుంది.

లింగాల.
కోడలు హెప్సిబాకు జమ్ములమ్మ అత్త దీవెనలు.
మీ మామ అంగీ పిండబోతే నీ ఉత్తరాలు దొరికినయ్. చదివి ఏడ్చిన. ఎవతెనో అనుకొని ఆయనను నోటికొచ్చినట్టు అంటిని.
భయపడకు. రెండేండ్ల కింద ఈడి దవాఖానల ఊడ్వను చేరినంక, వాడిన సూదుల డబ్బాలు ఎత్తుతమని మాకు ఈ జబ్బు టీకా ఆర్నెల్లల మూడు సూదులూ ఏసిండ్రు. ఆ పనిల గంత భయమున్నదంటే మానిపిస్తడని ఆయనకు చెప్పలె. నిన్న యేసుబాబును గుంజుకపోయి ఈడి దవాఖానలనే ఇద్దరం పరీక్ష చేయించుకున్నం. ఇద్దరికీ జబ్బు లేదు. వానికి మొదటి సూది పడ్డది. మీ మామను సోమవారం నేనే నీ దగ్గరికి తోలుకొస్త.
మీ అత్త.
తా.క.: అప్పటిదాక అరుగు మీదనే పండనీ. పెండ్లానికి చెప్పకుంట దాస్తడా! నా సూదుల ముచ్చట మాత్రం ఆయన చెవుల పడనియ్యకు.